ఎగుమతి, దిగుమతి వ్యాపారానికి రిజిస్ట్రేషన్: ఏ కాగితం ముందు, ఏది తర్వాత

"మిర్చి బయటిదేశాలకు పంపుదామనుకుంటున్నాం, లైసెన్సు ఎక్కడిస్తారండీ?" "చైనా నుంచి సామాను తెప్పించాలి, ఏమేం కాగితాలు కావాలి?" ఈ రెండు ప్రశ్నలూ తిరిగి తిరిగి వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తున్నాను. దీన్ని పక్కన పెట్టుకుని వరసగా చేసుకుపోండి. వరస మాత్రం మార్చకండి, ఎందుకంటే ఒక కాగితం చేతికొస్తేనే తర్వాతి కాగితానికి దారి తెరుచుకుంటుంది.

ముందే ఒక మాట చెబుతాను. ఇందులో దొరకని కాగితమంటూ ఏదీ లేదు, ఖర్చూ పెద్దగా లేదు. దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉండటం వల్ల. చిరునామాదీ అదే కథ. అందుకే రెండో మెట్టు కాస్త పొడుగ్గా రాశాను, దాన్ని దాటేసి ముందుకు వెళ్లకండి.

మీకసలు ఇది అవసరమేనా?

దేశం దాటించి సరుకు అమ్మినా, కొని తెప్పించినా ఐఈసీ, అంటే ఇంపోర్టర్ ఎక్స్‌పోర్టర్ కోడ్, ఉండాలి. 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం పెట్టిన షరతు ఇది. దీన్ని ఇచ్చేది కేంద్ర వాణిజ్య శాఖ కింద పనిచేసే డీజీఎఫ్‌టీ.

అమెరికాలో ఉన్న అమ్మాయికి ఆవకాయ జాడీ పంపడానికి ఇదేమీ అక్కర్లేదు, అది సొంత వాడకం. అదే ఆవకాయను అక్కడివాళ్లకు అమ్ముతుంటే మాత్రం, పోస్టులో పంపినా కొరియర్‌లో పంపినా ఐఈసీ కావాలి. సాఫ్ట్‌వేర్, డిజైనింగ్ లాంటి సేవలు చేసి బయటి నుంచి డబ్బు తెచ్చుకునేవాళ్లకు మామూలుగా అవసరం లేదు. విదేశీ వాణిజ్య విధానం కింద ప్రోత్సాహకాలు కోరితేనే కావాలి.

దగ్గర పెట్టుకోవలసినవి

- పాన్ కార్డు. సొంత వ్యాపారమైతే యజమానిది, భాగస్వామ్యమైతే సంస్థది, కంపెనీ అయితే కంపెనీది.
- ఆధార్, దానికి లింకైన మొబైల్ నంబరు. ఆ ఫోను ఎదురుగా ఉండాలి.
- వ్యాపార చిరునామాకు రుజువు: కరెంటు బిల్లు, అద్దె అగ్రిమెంటు, లీజు పత్రం లేదా సేల్ డీడ్.
- ఆ ఆస్తి వేరేవాళ్ల పేరు మీద ఉంటే వాళ్లు సంతకం చేసిన నో అబ్జెక్షన్ లెటరు.
- సంస్థ పేరు అచ్చై ఉన్న క్యాన్సిల్డ్ చెక్కు. లేదంటే బ్యాంకు సర్టిఫికెట్.
- భాగస్వామ్యమైతే పార్ట్‌నర్‌షిప్ డీడ్, కంపెనీ లేదా ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) అయితే ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్.
- మీ సొంత ఈమెయిల్, మీ సొంత మొబైల్ నంబరు. ఈ సొంతం సంగతి కింద మళ్లీ వస్తుంది.

1. సంస్థ ఏ రూపంలో ఉండాలో తేల్చుకోండి

ఒక్కరే చేస్తుంటే ప్రొప్రైటర్‌షిప్ తేలిక. వేరే రిజిస్ట్రేషన్ ఉండదు, మీ పాన్‌తోనే నడుస్తుంది. కానీ ఒక చిక్కుంది. జీఎస్‌టీ వచ్చిన దగ్గర్నుంచీ ఇస్తున్న ఐఈసీ నంబరు, పాన్ నంబరు రెండూ ఒకటే. రెండేళ్లు సొంత పేరు మీద ఎగుమతి చేసి తర్వాత ప్రైవేట్ లిమిటెడ్ పెడితే, కంపెనీకి పాన్ వేరు కాబట్టి ఐఈసీ కూడా కొత్తగా తీసుకోవాలి. జీఎస్‌టీ, బ్యాంకు ఖాతా, ఏడీ కోడ్ (విదేశీ మారకం చూసే బ్యాంకు బ్రాంచి కోడ్, ఆరో మెట్టులో వస్తుంది) అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. రేపో మాపో కంపెనీ చేసే ఉద్దేశం గట్టిగా ఉంటే ఇప్పుడే చేసేయడం మేలని నా అభిప్రాయం. చిన్నగా మొదలుపెట్టి సాగుతుందో లేదో చూద్దామనుకునేవాళ్లకు మాత్రం ప్రొప్రైటర్‌షిప్ చాలు.

పాన్‌లో నాలుగో అక్షరం ఒకసారి చూసుకోండి. వ్యక్తిదైతే 'పి', భాగస్వామ్య సంస్థదైతే 'ఎఫ్', కంపెనీదైతే 'సి' ఉంటుంది. భాగస్వామ్య సంస్థకు ఒక భాగస్వామి సొంత పాన్‌తో దరఖాస్తు పెట్టేసేవాళ్లు తరచూ కనిపిస్తుంటారు. అలా చేస్తే ఐఈసీ సంస్థకు రాదు, ఆయన పేరు మీద వస్తుంది.

2. పేరు, చిరునామా అన్నిట్లో ఒకేలా ఉన్నాయో చూడండి

మనవాళ్లకు పేరు దగ్గర వచ్చే తంటా మిగతా రాష్ట్రాలవాళ్లకు ఇంతగా ఉండదు. అంతా ఇంటిపేరు వల్లే. ఆధార్‌లో 'కె. వెంకటేశ్వరరావు' అని ఉంటుంది. పాన్‌లో పొడి అక్షరం సరిపోదు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి కాబట్టి అక్కడ 'వెంకటేశ్వర రావు కొండపల్లి' అయి కూర్చుంటుంది. బ్యాంకులో ఇంకెప్పుడో 'కొండపల్లి వెంకటేశ్వర్లు' అని రాయించి ఉంటారు. మనిషి ఒక్కడే, కంప్యూటరుకు మాత్రం ముగ్గురు.

ఏం చేయాలంటే, పాన్‌లో ఉన్న పేరును ప్రమాణంగా పెట్టుకోండి. ఐఈసీ దరఖాస్తులో మీరు కొట్టే పేరు, పుట్టిన తేదీ ఆదాయపు పన్ను శాఖ దగ్గరున్న వివరాలతో సరిచూస్తారు. ఖాళీలు, అక్షరాలు పాన్‌లో ఎలా ఉంటే అలాగే కొట్టాలి. ఆధార్‌లో తేడా ఉంటే మీ సేవలోనో, ఆధార్ కేంద్రంలోనో ముందే సరిచేయించుకోండి. పాన్‌లోనే తప్పుంటే అన్నిటికన్నా ముందు దాన్ని దిద్దించండి. దరఖాస్తు పెట్టేశాక దిద్దుకుందాంలే అనుకుంటే, అప్పటికి అదే తప్పు నాలుగు చోట్ల పాకి ఉంటుంది.

ఇక చిరునామా. కరెంటు బిల్లు చేతిలోకి తీసుకుని చూడండి, చాలా ఇళ్లకు అది ఇంకా తాతగారి పేరు మీదే వస్తుంటుంది. బతికున్న పెద్దల పేరు మీద ఉంటే ఇబ్బంది లేదు. ఫలానా డోరు నంబరులో ఫలానా సంస్థ వ్యాపారం చేసుకోవడానికి అభ్యంతరం లేదని వాళ్ల చేత లెటరు రాయించి సంతకం తీసుకోండి. కాలం చేసినవాళ్ల పేరు మీద ఉంటే కనెక్షన్ పేరు మార్పించుకోండి, లేదా ఇప్పుడు హక్కున్నవాళ్ల పేరున ఉన్న సేల్ డీడ్ లాంటి వేరే రుజువు వాడండి. చనిపోయినాయన పేరు మీద లెటరు పుట్టించి పెట్టడం మాత్రం వద్దు.

జిల్లా పేరు చూసుకోవడం ఎవరికీ తట్టదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి, తెలంగాణలో 2016లోనే పాత పది జిల్లాలు చీలాయి. నరసరావుపేటవాళ్ల పాత అగ్రిమెంటులో గుంటూరు జిల్లా అనీ, కొత్త ఆధార్‌లో పల్నాడు జిల్లా అనీ ఉంటుంది. కొత్తగా రాయించే ప్రతి కాగితంలో ఇప్పటి జిల్లా పేరే రాయించండి. డోరు నంబరు, పిన్‌కోడ్ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. 5-87/ఎ అనేది ఇంకోచోట 5-87 అయినా అధికారికి ప్రశ్న వేయడానికి సందు దొరికినట్టే.

3. జీఎస్‌టీ తీసుకోండి, వీలైతే ఉద్యం కూడా

"మా టర్నోవరు నలభై లక్షలు లేదు కదా, జీఎస్‌టీ ఎందుకు?" అని అడుగుతుంటారు. సరుకు ఎగుమతిని రాష్ట్రం దాటిన అమ్మకంగానే లెక్కేస్తారు. అందుకే అమ్మకం ఎంత చిన్నదైనా సరుకు ఎగుమతిదారుకు జీఎస్‌టీ ఉండాలి. దిగుమతి చేసేవాళ్లు కస్టమ్స్ దగ్గర ఐజీఎస్‌టీ (రాష్ట్రం, దేశం దాటే సరుకు మీద పడే జీఎస్‌టీ) కడతారు. జీఎస్‌టీ నంబరు లేకపోతే ఆ పన్నుకు క్రెడిట్ రాదు, కట్టిందంతా మీ నెత్తినే పడుతుంది.

ప్రభుత్వ పోర్టల్‌లో దీనికి రుసుము లేదు. ఆధార్ ధృవీకరణ పూర్తిచేస్తే, పేచీ ఏమీ లేనప్పుడు ఏడు పనిదినాల్లో వస్తుంది. అది వదిలేస్తే అధికారి చోటు చూడటానికి వస్తారు, ఆలస్యమూ అవుతుంది. మీకు బ్యాంకు ఖాతా ఇంకా తెరవకపోయినా దరఖాస్తు పెట్టొచ్చు. నంబరు వచ్చాక 30 రోజుల్లోపు, అంతకన్నా ముందే జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వేయాల్సి వస్తే అంతకుముందే, ఖాతా వివరాలు చేర్చాలి.

వచ్చిన నంబరును ఇలా సరిచూసుకోండి. మొత్తం 15 అంకెలు, అక్షరాలు. మొదటి రెండు రాష్ట్రానివి: ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. మూడో స్థానం నుంచి పన్నెండో స్థానం వరకు మీ పాన్ ఉండాలి.

ఉద్యం, అంటే చిన్న, మధ్యతరహా సంస్థల రిజిస్ట్రేషన్, తప్పనిసరి కాదు గానీ ఉచితం. బ్యాంకులో సంస్థ ఖాతా తెరిచేటప్పుడు ఒక రుజువుగా పనికొస్తుంది.

4. సంస్థ పేరు మీద కరెంటు అకౌంటు

విదేశీ మారకం లావాదేవీలు చేసే బ్యాంకులో తెరవండి. పక్క వీధిలో ఉంది కదా అని సహకార బ్యాంకులో తెరిస్తే, తర్వాత ఏడీ కోడ్ దగ్గర ఆగిపోవచ్చు. ఖాతా తెరవకముందే బ్రాంచిలో "ఎగుమతి డాక్యుమెంట్లు ఇక్కడ చూస్తారా, ఏడీ కోడ్ లెటరు మీరే ఇస్తారా?" అని అడగండి. చాలా చిన్న బ్రాంచిలు పని పైకి పంపుతాయి, దానికి రోజులు పడతాయి.

చెక్కు పుస్తకం మీద సంస్థ పేరు అచ్చై రావాలి. ఖాతా తెరిచిన రోజే చేతికిచ్చే వెల్‌కమ్ కిట్‌లోని చెక్కుల మీద పేరు ఉండదు, అవి పనికిరావు. పేరున్న చెక్కు పుస్తకం వచ్చేదాకా ఆగే ఓపిక లేకపోతే, నిర్ణీత నమూనాలో బ్యాంకు సర్టిఫికెట్ రాయించుకోండి.

5. ఐఈసీ దరఖాస్తు

పోర్టల్ చిరునామా డీజీఎఫ్‌టీ.గవ్.ఇన్. దీన్ని బ్రౌజరులో మీరే ఇంగ్లిషులో కొట్టండి, వెతికి వచ్చిన మొదటి లింకు నొక్కకండి. అచ్చం ప్రభుత్వ సైటులా కనిపించే ప్రైవేటు సైట్లు ఉన్నాయి, అవి వేలల్లో గుంజుతాయి. చివర 'గవ్.ఇన్' లేకపోతే బయటికొచ్చేయండి. అసలు రుసుము 500 రూపాయలే.

అ) 'ఇంపోర్టర్/ఎక్స్‌పోర్టర్'గా రిజిస్టర్ చేసుకోండి. మొబైల్‌కీ ఈమెయిల్‌కీ వేర్వేరు ఓటీపీలు వస్తాయి. తాత్కాలిక పాస్‌వర్డు ఈమెయిల్‌కు వస్తుంది, లోపలికెళ్లగానే మార్చుకోండి.

ఇక్కడే సొంత నంబరు సంగతి. ఏజెంటుకు అప్పగిస్తే చాలామంది తమ ఈమెయిల్, తమ మొబైల్ పెట్టేస్తారు. పని అయిపోతుంది, సర్టిఫికెట్ వాట్సాప్‌లో వస్తుంది, మీరు సంతోషిస్తారు. మరుసటి ఏడాది ఏదైనా మార్చాలంటే ఓటీపీ ఆయన ఫోనుకు వెళ్తుంది, ఆయనేమో ఫోను ఎత్తడు. ఎవరి చేత చేయించినా సరే, ఈమెయిలూ మొబైలూ మీవే ఇవ్వండి, పాస్‌వర్డు మీ దగ్గరే ఉంచుకోండి.

ఆ) 'అప్లై ఫర్ ఐఈసీ'లో కొత్త దరఖాస్తు తెరిచి సంస్థ పేరు, రూపం, పాన్, చిరునామా నింపండి. జీఎస్‌టీలో ట్రేడ్ నేమ్‌గా ఏ పేరు ఇచ్చారో అదే ఇక్కడా రాయాలి. గోడౌను, బ్రాంచి ఉంటే ఇప్పుడే చేర్చొచ్చు.

ఇ) యజమాని, భాగస్వాములు లేదా డైరెక్టర్ల వివరాలు, ఆ తర్వాత బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ. విలీనమైన బ్యాంకుల పాత చెక్కుల మీద పాత ఐఎఫ్ఎస్‌సీ ఉంటుంది, దాన్ని చూసి కొట్టకండి.

ఈ) కాగితాలు ఎక్కించడం. చిరునామా రుజువు మీ సంస్థ పేరు మీద లేకపోతే, కరెంటు బిల్లు, నో అబ్జెక్షన్ లెటరు రెండూ కలిపి ఒకే పీడీఎఫ్ చేయాలి. బిల్లు ఎక్కించి లెటరు మర్చిపోవడం అందరూ చేసే పొరపాటు. ఫోనుతో వంకరగా తీసిన ఫొటో పెట్టకండి. నాలుగు మూలలూ కనబడేలా స్కాన్ చేసి, పెద్దది చేసి చూసినా అక్షరాలు చదవగలిగేలా ఉంచండి.

ఉ) డిజిటల్ సిగ్నేచర్‌తో గానీ ఆధార్ ఓటీపీతో గానీ సంతకం చేయండి. ఇందుకోసమని డిజిటల్ సిగ్నేచర్ కొనక్కర్లేదు, ఆధార్ చాలు.

ఊ) 500 రూపాయలు ఆన్‌లైన్‌లో కట్టండి. డబ్బు ఖాతాలో కట్ అయిపోయి పోర్టల్‌లో కనిపించకపోతే కంగారుపడి వెంటనే రెండోసారి కట్టకండి. కాసేపాగి డాష్‌బోర్డులో దరఖాస్తు స్థితి చూడండి.

వివరాలన్నీ కలిస్తే నంబరు కంప్యూటరే ఇచ్చేస్తుంది, పెద్దగా ఆగనక్కర్లేదు. అయితే ఇచ్చాక కూడా కాగితాలు పరిశీలించే అధికారం వాళ్లకుంది. తప్పుడు కాగితం పెట్టి నంబరు వచ్చేసిందని సంబరపడితే తర్వాత రద్దవుతుంది. ఎక్కడైనా ఇరుక్కుంటే పోర్టల్‌లోనే హెల్ప్‌డెస్క్ ఉంది. ప్రాంతీయ కార్యాలయాలు హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి.

6. ఏడీ కోడ్

ఐఈసీ రాగానే బుకింగులు తీసుకుని, సరుకు పోర్టుకు చేరాక ఏడీ కోడ్ మాట తెలిసి తల పట్టుకునేవాళ్లు ఎక్కువ. ఇది మీ బ్యాంకు బ్రాంచికి ఉండే 14 అంకెల కోడ్. బ్యాంకు తన లెటర్‌హెడ్ మీద మీ సంస్థ పేరు, ఖాతా నంబరు, ఐఈసీ, ఈ కోడ్ రాసి, సీలు వేసి, సంతకం చేసి ఇస్తుంది. దాన్ని కస్టమ్స్‌వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఇది లేకుండా షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం, ముందుకు కదలదు.

మీ సరుకు ఏ కస్టమ్స్ స్టేషన్ నుంచి వెళ్తుందో అక్కడ నమోదు కనిపిస్తోందా లేదా అన్నది కంటెయినర్ లోడింగుకు ముందే చూడండి. విశాఖకు నమోదు చేయించుకుని, చివరి నిమిషంలో ఓడ దొరికిందని కృష్ణపట్నానికి లారీ తిప్పితే అక్కడ ఆగే ప్రమాదం ఉంది. కస్టమ్స్ బ్రోకరు ఉంటే ఈ పని ఆయనే చేయిస్తాడు. 'అయిపోయింది సార్' అన్న మాటతో సరిపెట్టుకోకుండా, ఆమోదం వచ్చినట్టు స్క్రీన్‌షాట్ అడిగి తీసుకోండి.

7. సరుకును బట్టి కావలసిన మిగతా రిజిస్ట్రేషన్లు

ముందు మీ సరుకుకు 8 అంకెల ఐటీసీ-హెచ్ఎస్ కోడ్ (ఎగుమతి, దిగుమతి సరుకుల వర్గీకరణ నంబరు) తెలుసుకోండి. ఎండు మిరపకాయలు 0904 21 కింద, కారం పొడి 0904 22 కింద వస్తాయి, పసుపు 0910 30. పొడి కొట్టగానే కోడ్ మారిపోయింది చూశారా? అలాగే మీ సరుకుదీ జాగ్రత్తగా చూడాలి. ఆ కోడ్‌కు ఎగుమతి లేదా దిగుమతి స్వేచ్ఛగా ఉందా, ఆంక్ష ఉందా, నిషేధమా అన్నది డీజీఎఫ్‌టీ పోర్టల్‌లోనే తెలుస్తుంది.

ఎగుమతిలో మనవైపు సరుకులకు ఇలా:

- మిర్చి, పసుపు లాంటి సుగంధ ద్రవ్యాలు: స్పైసెస్ బోర్డు సర్టిఫికెట్. బోర్డు జాబితాలో 52 ఉన్నాయి. ఇది ఐచ్ఛికం కాదు, లేకుండా పంపకూడదు.
- రొయ్యలు, చేపలు: ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ).
- మామిడి, ఇతర పండ్లు, కూరగాయలు: ఎపెడా (వ్యవసాయ, ఆహార ఉత్పత్తుల ఎగుమతి సంస్థ).
- పొగాకు: గుంటూరులోని పొగాకు బోర్డు.
- కాఫీ: కాఫీ బోర్డు.

మిగతా సరుకులకు ఆయా ఎగుమతి మండలి ఇచ్చే ఆర్‌సీఎంసీ (రిజిస్ట్రేషన్, సభ్యత్వ సర్టిఫికెట్) ఉంటుంది. ప్రోత్సాహకాలు కోరేటప్పుడు దాన్ని అడుగుతారు. మొదటి రోజే అన్ని మండళ్లలో చేరి సభ్యత్వ రుసుములు కట్టేయకండి, మీ సరుకుకు సంబంధించినది ఒకటి చాలు.

దిగుమతిలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. తినే వస్తువులకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) కేంద్ర లైసెన్సు, బొమ్మలకూ చాలా ఎలక్ట్రానిక్ వస్తువులకూ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, బ్లూటూత్, వైఫై ఉన్నవాటికి వైర్‌లెస్ అనుమతి కావాలి. ప్యాకెట్లుగా చిల్లరకు అమ్మేవాటికి తూనికలు, కొలతల శాఖ దగ్గర దిగుమతిదారుగా రిజిస్ట్రేషన్ ఉండాలి. విత్తనాలు, మొక్కలకు ప్లాంట్ క్వారంటైన్ పర్మిట్ తప్పదు. ఇవన్నీ చూసుకున్నాకే అమ్మేవాడికి అడ్వాన్సు పంపండి. సరుకు రేవులో దిగాక తెలిస్తే రోజురోజుకూ డెమరేజీ (రేవులో సరుకు ఆగినందుకు కట్టే రుసుము) పెరుగుతుంది, సరుకు ఖరీదు దాటిపోయినా ఆశ్చర్యం లేదు.

8. ఎల్‌యూటీ

ఎల్‌యూటీ అంటే లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్, జీఎస్‌టీ శాఖకు ఇచ్చే హామీ పత్రం. ఎగుమతి చేసేవాళ్లకే ఇది. జీఎస్‌టీ పోర్టల్‌లో ఆర్ఎఫ్‌డీ-11 ఫారం నింపితే పన్ను కట్టకుండానే సరుకు పంపొచ్చు. పది నిమిషాల పని, రుసుము లేదు. లేకపోతే ఐజీఎస్‌టీ ముందు కట్టి తర్వాత రిఫండ్ కోసం చూడాలి, ఆ డబ్బు అన్నాళ్లూ ఇరుక్కుపోతుంది. మార్చి 31తో గడువు తీరిపోతుంది కాబట్టి కొత్త ఆర్థిక సంవత్సరానికి మళ్లీ వేయాలి. ఏప్రిల్ మొదటి వారంలో బయల్దేరే సరుకుల విషయంలో దీన్ని తెగ మర్చిపోతుంటారు.

అంతా సరిగ్గా అయిందో లేదో ఇలా చూడండి

డీజీఎఫ్‌టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే 'వ్యూ ఎనీ ఐఈసీ' అనే సదుపాయం ఉంది. మీ నంబరు, సంస్థ పేరు కొట్టి చూడండి, స్థితి చెల్లుబాటులో ఉన్నట్టు కనబడాలి. సర్టిఫికెట్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే అవే వివరాలు రావాలి. ఇదే పద్ధతిలో మీకు సరుకు అమ్ముతామని వచ్చిన మన దేశపు ఎగుమతిదారు ఐఈసీ కూడా చూసుకోవచ్చు.

తర్వాత ఐఈసీ సర్టిఫికెట్, జీఎస్‌టీ సర్టిఫికెట్, క్యాన్సిల్డ్ చెక్కు, ఏడీ కోడ్ లెటరు నాలుగూ బల్ల మీద పక్కపక్కనే పరచండి. సంస్థ పేరును వేలు పెట్టి అక్షరం అక్షరం చదవండి. ఒకదాంట్లో 'ట్రేడర్స్', ఇంకోదాంట్లో 'ట్రేడింగ్ కంపెనీ' అని ఉంటే ఇప్పుడే దిద్దించండి. విదేశం నుంచి డబ్బు వచ్చేటప్పుడు బ్యాంకు పట్టుకునేది సరిగ్గా దీన్నే.

ప్రతి ఏడాదీ చేయాల్సింది

ఐఈసీకి గడువు లేదు, జీవితాంతం చెల్లుతుంది. అలాగని వదిలేయకూడదు. 2021 నుంచి ప్రతి ఏడాదీ ఏప్రిల్, జూన్ మధ్య పోర్టల్‌లోకి వెళ్లి వివరాలు ధృవీకరించాలి. ఏమీ మారకపోయినా, ఆ ఏడాది ఒక్క సరుకూ పంపకపోయినా సరే, 'మార్పు లేదు' అని చెప్పి రావాలి. ఆ మూడు నెలల్లో చేస్తే ఉచితం. చేయకపోతే ఐఈసీ నిలిచిపోతుంది, ఆ సంగతి చాలామందికి సరుకు కస్టమ్స్‌లో ఆగాకే తెలుస్తుంది. అప్పుడైనా పోర్టల్‌లో వివరాలు అప్‌డేట్ చేస్తే మళ్లీ పనిచేస్తుంది గానీ, ఈలోపు ఓడ వెళ్లిపోతుంది.

ఇంకొకటి. నంబరు వచ్చిందని తెలియగానే "ఒక్క కన్సైన్‌మెంటు మీ ఐఈసీ మీద పంపుకుంటాం, కమిషన్ ఇస్తాం" అని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. బంధువులైనా ఒప్పుకోకండి. ఆ కంటెయినర్‌లో ఏముందన్నదానికీ, దాని తాలూకు డబ్బు దేశంలోకి వచ్చిందా లేదా అన్నదానికీ కస్టమ్స్, బ్యాంకు నోటీసులు పంపేది మీ పాన్‌కే.